ఇంజిన్ పని ఉన్న చవక కారు: అడ్వాన్స్ ఇచ్చే ముందు

"చిన్న రిపేరే సార్" అంటారు అమ్మేవాళ్లు. అంత చిన్నదైతే వాళ్లే చేయించి ఎక్కువకి అమ్ముకునేవారు కదా!

- ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ముందే వేడెక్కించి ఉంచితే స్టార్టింగ్ లోపాలు బయటపడవు. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి.

- పొగ గమనించండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది, ఇంజిన్ లోపలి పిస్టన్ రింగులైనా, వాల్వ్ సీల్స్ అయినా అరిగి ఉంటాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్ల పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ని (ఇంజిన్ పై భాగానికి, బ్లాక్‌కి మధ్య ఉండే సీల్) అనుమానించాలి. చలికాలం పొద్దున కాసేపు కనిపించే పల్చటి ఆవిరికి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు.

- డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) మీద ఆయిల్ మీగడ రంగులో ఉంటే నీళ్లు కలిశాయన్నమాట. నా మటుకు అక్కడితో బేరం అయిపోయినట్టే.

- మీకు తెలిసిన మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. అమ్మేవాళ్ల మెకానిక్ మాట లెక్కలోకి రాదు. టెస్ట్‌కి ఒప్పుకోకపోతే అదే జవాబు.

- ఇంజిన్ విప్పేదాకా అసలు ఖర్చు తెలియదు. క్రాంక్‌షాఫ్ట్ పని, బోరింగ్ (అరిగిన సిలిండర్లని లోపల చెక్కి సరిచేయడం) కూడా పడుతుందనుకునే లెక్క వేయండి. కారు ధర, రిపేరు కలిపితే అదే మోడల్ మంచి బండి రేటుకి దగ్గరపడితే వదిలేయండి.

- ఆర్‌సీలో ఉన్న ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదవాటితో సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్), ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ తీయించే ఫారం 35 అడగండి. ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. 15 ఏళ్లు దగ్గరపడ్డ బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఫిట్‌నెస్ ఖర్చు కూడా మీదే.