ప్రోగ్రామ్‌లోంచి మౌంట్ వివరాలు తెలుసుకోవడం ఎలా?

బ్యాకప్ ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. బయటి డిస్క్ మౌంట్ కాకపోయినా, అంటే సిస్టమ్‌లోని ఒక ఫోల్డర్‌కి జోడించకపోయినా, దాని ఫోల్డర్ కనిపిస్తూనే ఉంటుంది. చూసుకోకపోతే కాపీ అంతా రూట్ డిస్క్‌లోకి పోయి అది నిండిపోతుంది. అందుకే డిస్క్ నిజంగా మౌంట్ అయిందా అని ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నెల్‌ని అడగాలి. లినక్స్‌లో అదెలాగో చూద్దాం.

1. /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ చదివి ఆగిపోకండి. ఏవి మౌంట్ కావాలో అందులో ఉంటుంది, ఇప్పుడు ఏవి అయ్యాయో ఉండదు. దానికి /ప్రాక్/సెల్ఫ్/మౌంట్ఇన్ఫో తెరవండి. ఇది డిస్క్ మీద ఉన్న ఫైల్ కాదు, చదివినప్పుడు కెర్నెల్ అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది. మీ ప్రోగ్రామ్ కంటైనర్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన చోట) నడుస్తుంటే ఆ కంటైనర్‌కి కనిపించే మౌంట్లే వస్తాయి.

2. ఒక్కో లైన్‌ని స్పేస్‌ల దగ్గర భాగాలుగా విడదీయండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఐదో భాగం మౌంట్ పాయింట్, అంటే డిస్క్‌ని జోడించిన ఫోల్డర్. ఆరోది ఆప్షన్లు. ఆ తర్వాత ఎన్ని అదనపు భాగాలు వస్తాయో చెప్పలేం, ఒక్కటీ లేకపోవచ్చు కూడా. కాబట్టి ఫైల్‌సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లని అమర్చే పద్ధతి) రకం ఫలానా నంబర్ భాగంలో ఉంటుందని లెక్క కట్టకండి. విడిగా నిలబడ్డ హైఫన్ (-) దొరికేదాకా వెళ్లండి, దాని పక్కనే రకం, ఆపైన డివైజ్ ఉంటాయి. పేరులో స్పేస్ ఉంటే అది \040గా వస్తుంది, తిరిగి స్పేస్‌గా మార్చుకోవాలి.

3. మీ ఫోల్డర్ ఏ మౌంట్ కిందిదో తేల్చండి. ముందు సింబాలిక్ లింకులు (వేరే చోటికి దారి చూపే షార్ట్‌కట్లు) విప్పి అసలు పాత్ తీసుకోండి. దాని మొదటి భాగంతో సరిపోయే మౌంట్ పాయింట్లలో అన్నిటికంటే పొడవైనది ఎంచుకోండి. స్లాష్ దగ్గర ఆపి పోల్చకపోతే /డేటాబేస్ కూడా /డేటా కిందిదే అనిపిస్తుంది.

4. చోటు ఎంతుందో స్టాట్‌వీఎఫ్ఎస్ కాల్‌తో అడగండి. ఎఫ్_బీఫ్రీ (మొత్తం ఖాళీ బ్లాకులు) కాదు, ఎఫ్_బీఅవెయిల్ (మామూలు యూజర్ వాడుకోగల బ్లాకులు) తీసుకుని ఎఫ్_ఎఫ్ఆర్‌సైజ్‌తో (బ్లాక్ సైజుతో) గుణించండి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటుని రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. 1 టీబీ డిస్క్‌లో అది దాదాపు 50 జీబీ! ఎఫ్_బీఫ్రీని నమ్ముకుంటే లేని చోటుని ఉందనుకుంటాం. నెట్‌వర్క్ డిస్క్ సర్వర్ పడిపోతే ఈ కాల్ తిరిగి రాకుండా ఆగిపోవచ్చు, అందుకని వేరే ప్రాసెస్‌లో పిలవడం మంచిది.

ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎవరైనా డిస్క్ తీసేస్తే? ప్రతి సెకనూ ఫైల్ మళ్లీ చదవక్కర్లేదు. మౌంట్ఇన్ఫో మీద పోల్ కాల్ (మార్పు వచ్చేదాకా వేచి ఉండే కాల్) పెట్టి ఉంచితే, మౌంట్లు మారగానే కెర్నెల్ మీ ప్రోగ్రామ్‌ని లేపుతుంది. అప్పుడు ఫైల్‌ని మొదటి నుంచి చదివితే చాలు.

మ్యాక్ఓఎస్‌లో ఇదే పనికి గెట్‌ఎమ్ఎన్‌టీఇన్ఫో, విండోస్‌లో గెట్‌వాల్యూమ్ఇన్ఫర్మేషన్, గెట్‌డిస్క్‌ఫ్రీస్పేస్ఈఎక్స్ ఉన్నాయి.