వేసవి వ్యాకరణం, 5వ పాఠం: 'గదా' ఒకటే, సంధులు రెండు

పిల్లలూ, ఈ వారం త్రిక సంధి మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక ఆగిపోయాను. సరళాదేశాన్ని ఇలా సగంలో వదిలేస్తే బడులు తెరిచాక కూడా ఈ చిక్కు మీ వెంటే ఉంటుంది.

తొమ్మిదో తరగతి అమ్మాయి నోట్‌బుక్ పేజీ ఒకటి నా ముందుంది. పూచెను + కలువలు కలిపితే వచ్చే నాలుగు రూపాలూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: పూచెఁ గలువలు, పూచెం గలువలు, పూచెన్గలువలు, పూచెను గలువలు. అరసున్న కూడా మరిచిపోలేదు. దాని కిందే 'అన్నదమ్ములు – సరళాదేశ సంధి' అని రాసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ అదే రాసింది. చెరిపిన చోట కాగితం పల్చబడింది. అంటే ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది, తీర్చుకునే దారే దొరకలేదు. నేను పోయినసారి నాలుగు రూపాల మీదే ఎక్కువసేపు ఉండిపోయి, అసలు ఆ మార్పు ఎందుకు వచ్చిందో ఒక్క ముక్కలో చెప్పేశాను. అక్కడే పొరపాటు జరిగింది, అది నాదే.

ఇంకో అబ్బాయి మంచి ప్రశ్న అడిగాడు. "కూరగాయలో కాయ గాయ అయింది కదా సార్, మరి మామిడికాయ మామిడిగాయ ఎందుకు కాలేదు?" ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

పరుషాలు, సరళాలు ఏవో మళ్లీ చెప్పను, అవి మీకు వచ్చు. సూత్రాలు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ద్రుతప్రకృతికం (చివర ద్రుతమనే నకారం ఉన్న పదం) మీది పరుషాలకు సరళాలు వస్తాయి, అది సరళాదేశం. ప్రథమ (వాడు, వారు లాంటి ప్రథమా విభక్తి పదం) మీది పరుషాలకు గసడదవలు బహుళంగా, అంటే కొన్నిచోట్ల వస్తూ కొన్నిచోట్ల రాకుండా, వస్తాయి, ఆ బహుళం వల్లే వచ్చాడు, రారు లాంటి క్రియల మీదా కనిపిస్తాయి, ద్వంద్వ సమాసంలోనూ గసడదవలే వస్తాయి, అది గసడదవాదేశం.

ఇప్పుడు అసలు ఉచ్చు చూడండి. సరళాదేశంలో క చ ట త ప లు గ జ డ ద బ లు అవుతాయి. గసడదవాదేశంలో గ స డ ద వ లు అవుతాయి. రెండు వరసల్నీ ఒకదాని కింద ఒకటి రాసి వేలు పెట్టి చూడండి. క రెండింటిలోనూ గ యే. ట రెండింటిలోనూ డ యే. త రెండింటిలోనూ ద యే. తేడా చ, ప ల దగ్గర మాత్రమే ఉంది. అంటే ఐదింటిలో మూడుసార్లు, మారిన అక్షరాన్ని చూసి సంధి పేరు చెప్పడం ఎవరి వల్లా కాదు. 'గ కనిపిస్తే సరళాదేశం' అని పరీక్షల ముందు పిల్లలకు కొండగుర్తు నేర్పిస్తుంటారు. నాకు చాలా బాధ కలిగించే మాట అది. మార్కు వస్తే వస్తుంది గానీ, పిల్లవాడు ఆ తర్వాత పదాన్ని చూడటమే మానేస్తాడు.

ఈ రెండూ చదవండి.

వచ్చెను + కదా = వచ్చెను గదా
వచ్చాడు + కదా = వచ్చాడుగదా

రెండు చోట్లా 'గదా' యే. మొదటిది సరళాదేశం, రెండోది గసడదవాదేశం. తేడా 'గదా'లో లేదు, దాని ముందున్న మాటలో ఉంది. కాబట్టి కళ్లు మారిన అక్షరం మీద కాదు, దాని ఎడమ పక్కన పెట్టండి.

ఎడమ పక్క ఉన్నది ద్రుతప్రకృతికమో కాదో తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి చిన్నది. చివరి 'ను' తీసి పలకండి. వచ్చెను, వచ్చె. అర్థం చెడలేదు. పూచెను, పూచె. చెడలేదు. రామునిచేతను, రామునిచేత. ఇదీ అంతే. అలా ఉంటూ పోతూ ఉండే నకారమే ద్రుతం. 'వచ్చాడు'లో తీయడానికి 'ను' ఎక్కడుంది? లేదు. ఇక సరళాదేశం మాటే ఎత్తొద్దు.

చ, ప లు వచ్చినప్పుడు పని ఇంకా తేలిక. దెసను + చూసి కలిపితే దెసఁ జూసి, జ వచ్చింది. అపుడు + చనియె కలిపితే అపుడుసనియె, స వచ్చింది. వడిని + పడు అన్నది వడిఁ బడు. వారు + పోరు అన్నది వారువోరు.

ఇక కాయల సంగతి. ద్వంద్వమంటే రెండు మాటలకూ సమాన గౌరవం. దాన్ని పట్టుకోవడానికి రెండు మాటలకూ దీర్ఘం తగిలించి పలకండి. అన్నా, తమ్ముడూ. తల్లీ, తండ్రీ. హాయిగా కుదిరింది, కాబట్టి అన్నదమ్ములు, తల్లిదండ్రులు. కూరా, కాయా. ఇదీ కుదిరింది. కూరగాయలంటే కూర వండుకునే కాయలనే మనం అనుకుంటాం. వ్యాకరణం దృష్టిలో అవి కూరలూ, కాయలూ, రెండూనూ. అందుకే గాయ. ఇప్పుడు మామిడీ, కాయా అనండి. ఎక్కడైనా రెండు వస్తువులు కనబడుతున్నాయా? ఉన్నది ఒక్క కాయే, మామిడి చెట్టుకు కాసింది. ద్వంద్వం కాదు కాబట్టి క కదల్లేదు. బెండకాయ, దొండకాయ, గుమ్మడికాయ, తలకాయ, అన్నీ అంతే. ఈ ఎండల్లో మీ అమ్మమ్మగారు జాడీలోకి ఎత్తే ఆవకాయ కూడా అంతే. గోంగూర గురించి అడిగినవాళ్లు కాస్త ఓపిక పట్టండి, ఆ సున్న సంగతి వేరే రోజు.

మరి ఆటపాటలు, అక్కచెల్లెళ్లు, రాకపోకలు ద్వంద్వాలే కదా, మారలేదేం అంటారా? ఈ సూత్రాలు పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి మన పాఠాల్లోకి వచ్చాయి. ఆ పుస్తకం 1858లో అచ్చయింది. అది ప్రధానంగా కావ్యభాషకు చెప్పిన వ్యాకరణం. కావ్యంలో 'కాలుసేతులు' ఉంటుంది, మనింట్లో కాళ్లూ చేతులూ కడుక్కోమంటారు. వాడుకలో నిలిచినవి నిలిచాయి, నిలవనివి పోయాయి. నన్నడిగితే ఆటపాటల్ని ఆటపాటలుగానే రాయండి, పరీక్షలో సూత్రం అడిగితే సూత్రం రాయండి.

అభ్యాసం. కింది పదాలు విడదీసి, సంధి పేరు రాసి, ఎందుకో కారణం కూడా రాయాలి. కారణం లేని జవాబు నేను దిద్దను.

టక్కుడెక్కులు, రారుగదా, చేసెను గదా, పాటిఁ దప్ప, నీవుడక్కరివి, వాడుగొట్టె, వత్తురువోదురు.

ఇంకొకటి, కాస్త కష్టమైనదే. రేపు పొద్దున రైతుబజారుకో సంతకో ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి వెళ్లండి. చివర 'కాయ' లేదా 'కూర' అని ఉన్న పేర్లు తక్కువలో తక్కువ ఇరవై అయిదు రాసుకుని రండి. తోటకూర, చుక్కకూర, చింతకాయ, అలాగన్నమాట. క ఉన్నవి ఒక వైపు, గ అయినవి ఒక వైపు. వంకాయ ఏ వైపు రాయాలో తెలియక ఆగిపోతే ఆగిపోండి, దాన్ని విడిగా కింద రాసి, ముందు పదం ఏమై ఉంటుందో మీ ఊహ రాయండి.