అనంతపురంలో పాత డీఎస్‌జీ పోలో కొనేముందు

డీఎస్‌జీ అంటే ఫోక్స్‌వ్యాగన్ పోలో కారులో వచ్చే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. బండిని పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. కూలెంట్ డబ్బాలో ద్రవం గులాబీ లేదా ఊదా రంగులో తేటగా ఉండాలి. తుప్పు రంగుంటే వేరే కూలెంటో బోరు నీళ్లో కలిపి ఉంటారు. మన బోరు నీళ్లకు రేడియేటర్ లోపల గార కడుతుంది, మే ఎండల్లో ఇంజిన్ వేడెక్కుతుంది.

తర్వాత సప్తగిరి సర్కిల్ ట్రాఫిక్‌లో నడపండి. ఒకటి, రెండు గేర్ల మధ్య వణికితే ఏడు గేర్ల డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) అరిగిందనే అనుమానించాలి. గేర్ సూచిక మిణుకుమిణుకుమంటూ బండి లాగకపోతే, గేర్లను, క్లచ్‌లను నడిపించే మెకట్రానిక్ యూనిట్ మీద అనుమానం. అది చాలా ఖరీదు, స్కాన్ రిపోర్ట్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల జాబితా) లేకుండా బయానా ఇవ్వొద్దు.

సర్వీస్‌కు బెంగళూరు వెళ్లేట్టయితే విడిభాగాలు స్టాకులో ఉన్నాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఎస్టిమేట్‌లో అడగని ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్ కొట్టేయించాకే జాబ్ కార్డు మీద సంతకం పెట్టండి.