చుట్టాలు లిస్బన్‌లో దిగేముందు నా జాగ్రత్తలు

నేనొచ్చిన కొత్తలో "అది ఏ దేశంలో ఉంది?" అని అడిగినవాళ్లే ఇప్పుడు రీల్స్ చూసి టికెట్లు కొనేస్తున్నారు. అందుకని ఈ జాబితా.

ముందు చెప్పులు చూడాలి. ఇదీ ఏడు కొండల ఊరే, కానీ గోవింద నామాలకి ఆయాసం తగ్గదు. కాలిబాటల మీద పరిచిన తెల్లరాళ్లు చినుకు పడితే సబ్బు రాసినట్టే. హీల్స్‌తో వచ్చిన పిన్ని రెండు రోజులు నా చెయ్యి వదల్లేదు, పోర్చుగల్ మొత్తం నా మోచేతి దగ్గర్నుంచే చూసింది.

28వ నంబరు ట్రామ్ పొద్దున్నే, మొదటి స్టాపు మార్తీం మొనీజ్‌లోనే ఎక్కించాలి. పర్సు ముందు జేబులో. కిటికీ సీటు దొరక్కపోతే అలగనని మాట తీసుకోవాలి.

సోమవారం జెరోనిమోస్ మఠం మూత.

ఇంట్లో సోఫా ఒక్కటే. ఇది టికెట్ కొనకముందే చెప్పాలి.