పేనుకొరుకుడుకు పీఆర్పీ: సూది పడేముందు చూసుకోవలసినవి

తల దువ్వుకుంటుంటే చెవి వెనక ఒకచోట వేలికి నున్నగా తగిలింది. వెనక ఒక అద్దం, ముందు ఒక అద్దం పెట్టుకుని చూస్తే బొటనవేలి గోరంత గుండ్రని మచ్చ. దురద లేదు, నొప్పి లేదు, పొట్టు లేదు. చూడగానే అమ్మ "పేనుకొరుకుడురా ఇది" అంది. పేరులో పేను ఉంది గానీ ఈ జబ్బుకూ పేలకూ ఏ సంబంధమూ లేదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక కణాలే వెంట్రుకల కుదుళ్లను పరాయివనుకుని వాటి మీద పడతాయి. వైద్యులు దీన్ని అలోపేషియా ఏరియేటా అంటారు. నూటికి దాదాపు ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అయితే ఇందులో కుదుళ్లు చచ్చిపోవు, నిద్రపోతాయి. వాటిని లేపడానికని ఇప్పుడు చాలామందికి మొదట చెబుతున్న మాట పీఆర్పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. చేతి నుంచి రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న ప్లాస్మాను వేరు చేసి మచ్చలోకి సన్నని సూదితో ఎక్కిస్తారు. వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మన రక్తమే కదా, ఏమవుతుందిలే అన్న ధీమాతో వెళ్లి కూర్చోవద్దని రాస్తున్నాను.

మొట్టమొదట, ఆ మచ్చ పేనుకొరుకుడేనని తేలాలి. తలలో వచ్చే తామర కూడా గుండ్రంగానే జుట్టు ఊడగొడుతుంది. పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. పొట్టు రాలడం, విరిగిన వెంట్రుకలు, మెడ దగ్గర బిళ్లలు కట్టడం దాని గుర్తులు. దానికి నోటి ద్వారా శిలీంధ్రాన్ని చంపే మందు కావాలి, ప్లాస్మా కాదు. కుదుళ్లను శాశ్వతంగా మూసేసే జబ్బులు వేరే ఉన్నాయి. వాటిలో ఆలస్యమైన ప్రతి నెలా కొంత జుట్టు తిరిగి రాకుండా పోతుంది. చర్మవైద్యులు చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపు పెట్టి చూస్తే మచ్చ అంచున, మొదట్లో సన్నగా, కొసన లావుగా ఉండే పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. అచ్చం ఆశ్చర్యార్థకం గుర్తులా ఉంటాయి. పేనుకొరుకుడుకు అది మంచి ఆనవాలు. గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలున్నా చెప్పండి. థైరాయిడ్ జబ్బు, బొల్లి ఇంట్లో ఎవరికైనా ఉన్నా దాచకండి. ఇవేవీ అడగకుండా, తల కూడా సరిగా చూడకుండా నేరుగా ఎన్ని విడతలో లెక్క చెప్పే చోట సూది వేయించుకోవద్దు.

రెండోది ఓపిక. ఒకటి రెండు చిన్న మచ్చలున్నవారిలో మూడో వంతు నుంచి సగం మందికి ఏడాదిలోగా మందేమీ లేకుండానే జుట్టు తిరిగి వస్తుంది. ఈ ఒక్క మాట తెలిస్తే పీఆర్పీ గురించి వినే సగం కథలను ఎలా తూచాలో అర్థమవుతుంది. మూడు విడతలకు జుట్టు మొలిచిందంటే అది ప్లాస్మా మహిమా, జబ్బు తనంతట తాను తగ్గడమా అన్నది ఒక మనిషిని చూసి చెప్పలేం. అందుకే చాలామందిని పోల్చి చూసే వైద్య పరీక్షలు కావాలి. 2013లో వెలువడిన ఒక పరీక్షలో 45 మందిని మూడు జట్లు చేసి, జట్టుకొకటి చొప్పున, తలలో సగానికే పీఆర్పీ, ఈ మచ్చలకు మామూలుగా వేసే స్టెరాయిడ్ సూది, మందు లేని ఉత్త ద్రవం వేశారు. పీఆర్పీ మిగతా రెండింటికన్నా మెరుగ్గా కనిపించింది. ఆశలు అక్కడే చిగురించాయి. తర్వాత వచ్చినవన్నీ దాన్ని బలపరచలేదు. కొన్నింటిలో స్టెరాయిడ్ సూదే ముందుంది. పైగా ప్లాస్మా తయారు చేసే పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకరి ఫలితాన్ని మరొకరికి అంటగట్టలేం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ జబ్బులో మూలం రోగనిరోధక దాడి. ప్లేట్‌లెట్లు విడుదల చేసే వృద్ధి కారకాలు కుదురుకు బలమివ్వవచ్చు గానీ దాడిని ఆపుతాయన్న భరోసా లేదు. స్టెరాయిడ్ సూది పనిచేయని, లేదా దానివల్ల చర్మం గుంటపడిన చిన్న మొండి మచ్చకు పీఆర్పీ ప్రయత్నించడంలో అర్థం ఉంది. వారం వారం కొత్త మచ్చలు పుడుతూ, కనుబొమ్మలు కూడా పలచబడుతుంటే మాత్రం పీఆర్పీతో కాలయాపన చేయవద్దు. తీవ్రమైన పేనుకొరుకుడుకు ఇప్పుడు మాత్రలున్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో బారిసిటినిబ్‌ను పెద్దవాళ్లకు, 2023లో రిట్లెసిటినిబ్‌ను 12 ఏళ్లు దాటినవారికి అనుమతించింది. వాటికీ వాటి ప్రమాదాలున్నాయి, క్షయ పరీక్ష వంటివి ముందే చేయాలి. అది చర్మవైద్యులతో తీరిగ్గా మాట్లాడుకోవలసిన సంగతి.

సరే, పీఆర్పీ అనే నిర్ణయం జరిగిందనుకుందాం. ముందు రక్తపరీక్ష. ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండడం మామూలు. లక్షకు తక్కువైతే సాధారణంగా చేయరు. రక్తహీనత, రక్తం గడ్డకట్టడంలో లోపం, ఒంట్లో జ్వరం, తల మీద చీముపొక్కులు, క్యాన్సర్ చికిత్స, గర్భం, వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి. మత్తు సూది పడకపోవడం, దెబ్బ తగిలినచోట కండ ఉబ్బెత్తుగా పెరిగే స్వభావం కూడా. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనిని అణచివేస్తాయి కాబట్టి సుమారు వారం ముందునుంచే ఆపమంటారు. కానీ గుండె కోసమో పక్షవాతం రాకుండానో ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. జుట్టు కోసం అంత పని చేయకండి. ఆ మందు రాసిన డాక్టరును అడగండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరి రక్తం ఎవరికి వెళ్తోందన్నది. ఒకచోట కుర్చీలో కూర్చున్నాను. రక్తం తీసి తిప్పి తెచ్చారు. అడుగున ఎర్రగా, మధ్యలో తెల్లని సన్నపు గీత, పైన లేత పసుపు ద్రవం. చూడముచ్చటగానే ఉంది. పళ్లెంలో దాని పక్కనే ఇంకో ట్యూబు. రెండింటి మీదా పేరు లేదు. "వీటిలో నాది ఏదండీ?" అని అడిగాను. సహాయకుడు కుడివైపుది అన్నాడు. ఒక్క క్షణం ఆగి, కాదు, ఎడమవైపుది అన్నాడు. సూది వేయించుకోకుండా లేచి వచ్చేశాను. నాలుగు నెలలకు ఆ మచ్చలో తెల్లని నూగు దానంతటదే మొలిచింది, తర్వాత నల్లబడింది. ఆ రోజు వేయించుకుని ఉంటే ఆ ఘనతంతా ప్లాస్మాకే కట్టబెట్టేవాణ్ణి.

ఇది అతిభయం కాదు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో ముఖానికి పీఆర్పీ చేయించుకున్నవారికి హెచ్ఐవీ సోకినట్టు ఆ దేశ వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో వెల్లడించింది. పేరు రాయని రక్తపు ట్యూబులు అక్కడి వంటగది ఫ్రిజ్‌లో తినే పదార్థాల పక్కన దొరికాయి. కాబట్టి మీ కళ్లముందే సిరంజి కొత్త పొట్లం విప్పాలి. రక్తం తీయగానే, అక్కడే ట్యూబు మీద మీ పేరు, తేదీ రాయాలి. సూది వేసేముందు ఆ పేరు మీకు చూపించాలి. ట్యూబును మీకు కనబడని గదిలోకి తీసుకెళ్తే వెంట వెళ్లి చూస్తాననండి. మొహమాటపడకండి. సరిగా చేసే వైద్యులు ఇందుకు నొచ్చుకోరు.

కనుబొమ్మల్లో వేయించుకునేవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఆ చుట్టూ ఉన్న రక్తనాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది. ముఖంలో పీఆర్పీ సూదుల తర్వాత ఒక కంటి చూపు పోయిన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ పోయిన చూపు తిరిగి రావడం కష్టం. అక్కడ అనుభవమున్న వైద్యుల చేత తప్ప వద్దు. చూపు మసకబారినా, కంట్లో విపరీతమైన నొప్పి వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్లకండి, కళ్లు తిరుగుతాయి. నీళ్లు బాగా తాగండి, తలస్నానం చేసి వెళ్లండి. సూదులు నొప్పే, దాన్ని తక్కువ చేసి చెప్పను. రెండు రోజులు తల బరువుగా, నుదురు కాస్త వాచినట్టు ఉండవచ్చు. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆ రోజు తల తడపకండి, రుద్దకండి. రంగు, ఎండ, చెమట పట్టే వ్యాయామం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఎర్రదనం రోజురోజుకూ పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించుకోండి.

ప్రతి విడతకు ముందు ఒకే వెలుతురులో, ఒకే కోణంలో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి. విడతల మధ్య సాధారణంగా నెల వ్యవధి ఉంటుంది. మూడు విడతలయ్యాక ఆ ఫోటోలన్నీ వైద్యుల ముందు వరసగా పెట్టండి. మచ్చ అలాగే ఉన్నా, పక్కన కొత్తది పుట్టినా, నాలుగో దానికి చేయి చాపకుండా వేరే చికిత్స గురించి అడగండి.