బ్రెయిన్ స్కాన్లు ల్యాప్‌టాప్‌లో తెరిచే ముందు ఎడమేదో కుడేదో తేల్చుకోండి

పోయిన నెల గుణుపూర్ వైపు కుర్రాడొకడు, మా ఒడిశా బరంపురంలోనే పీజీ చేస్తున్నాడు, వైవా ఇంకా రెండు రోజులుందనగా ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు, అన్నా ఒక్కసారి స్లైడ్లు చూసిపెట్టవా అని. స్ట్రోక్ పేషెంట్ల ఎంఆర్ఐలు, పైన దెబ్బతిన్న భాగానికి ఎర్రరంగు, చూడ్డానికి భలే ఉన్నాయి. మూడో స్లైడ్ దగ్గర ఆగాను. కేస్ షీట్లో కుడి చెయ్యి కుడి కాలు పడిపోయాయని ఉంది, బొమ్మలో ఎరుపు కూడా కుడి మెదడులోనే ఉంది. ఏట్రా ఇది అన్నాను. పైనుంచి దిగే నరాలు కింద అటూ ఇటూ దాటతాయి కదా, కుడి చెయ్యి పడిపోతే దెబ్బ మామూలుగా ఎడమ మెదడులో ఉండాలి. వాడు గబగబా మిగతావి తెరిచాడు. అన్నీ తిరగబడే ఉన్నాయి.

థీసిస్‌ల సీజన్ వచ్చేస్తోంది, మన పర్లాకిమిడి రాయగడ పిల్లలు కూడా చాలామంది ఈ పనిలో ఉన్నారు కాబట్టి రాస్తున్నా. బ్యాకప్ తీసుకోండి, ఒరిజినల్ డైకామ్ (స్కానర్ ఇచ్చే అసలు ఫైళ్ళు) మీద చెయ్యి వెయ్యకండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చూసినంతలో పిల్లల్ని ముంచింది ఒకటే, ఎడమ కుడి.

ముందు చూసే పద్ధతి. రేడియాలజీ వాళ్ళు పేషెంట్ కాళ్ళ దగ్గర నిలబడి చూస్తున్నట్టు చూస్తారు, అంటే పేషెంట్ కుడి మీ స్క్రీన్‌కి ఎడమ వైపు వస్తుంది. న్యూరోసైన్స్ వాళ్ళలో చాలామంది తల వెనకనుంచి చూస్తున్నట్టు చూస్తారు, కుడి కుడికే వస్తుంది. స్కాన్లు చూసే సాఫ్ట్‌వేర్లలో ఎఫ్ఎస్ఎల్ఐస్ తెరిస్తే మామూలుగా మొదటి పద్ధతి, ఎస్పీఎం తెరిస్తే రెండోది. ఒక బొమ్మ ఇందులోంచి ఒక బొమ్మ అందులోంచి స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన అతికించారో, ఇంక మీకే అర్థం కాదు. దీనికి తోడు మన దగ్గర డాక్టర్ ఒడియాలో డాహాణ అంటాడు, ఫైల్లో రైట్ అని రాస్తారు, ఇంట్లోవాళ్ళు తెలుగులో కుడి అంటారు, ఎదురుగా కూర్చున్న మనకేమో అది ఎడమ.

కానీ ఇది చిన్న తప్పే, చూసే పద్ధతి మారిస్తే సరిపోతుంది. కొంప ముంచేది ఫైలు లోపల జరిగేది. స్క్రీన్ మీద ఎల్, ఆర్ అని అక్షరాలు కనిపిస్తాయి చూడండి, వాటిని సాఫ్ట్‌వేర్ మెదడుని చూసి వెయ్యదు, హెడర్‌లో, అంటే స్కాన్ వివరాలు రాసుండే చోట, ఏం రాసుంటే అది వేస్తుంది. హెడర్ అబద్ధమైతే అక్షరమూ అబద్ధమే. పాత అనలైజ్ అనే ఫైలు ఫార్మాట్‌లో ఎడమ ఎటో నమ్మకంగా రాసుకునే చోటే లేదు, ఆ గోల వల్లే తర్వాత నిఫ్టీ అనే ఫార్మాట్ వచ్చింది, అందులో ఏ వైపు ఎటో రాసుకోడానికి క్యూఫామ్ ఎస్ఫామ్ అని రెండు చోట్లు పెట్టారు. రెండిటి కోడూ సున్నా ఉంటే సాఫ్ట్‌వేర్ తన ఊహ ప్రకారం చూపిస్తుంది.

మనవాడు చేసిందేంటంటే పైథాన్‌లో స్కాన్ తెరిచి, అంకెలు మాత్రం బయటికి తీసి, పని అయ్యాక మళ్ళీ సేవ్ చేసేటప్పుడు అఫైన్ (బొమ్మలో ఏ చుక్క తలలో ఎక్కడుందో చెప్పే అంకెల పట్టిక) అడిగిన చోట ఎన్‌పీ డాట్ ఐ బ్రాకెట్లో నాలుగు, np.eye(4), అని కొట్టేశాడు. అంటే, పాత చిరునామా చింపేసి కొత్తది తనే రాసేశాడన్నమాట. చాలా స్కాన్లలో డేటా లోపల కుడి నుంచి ఎడమకి పేర్చి ఉంటుంది, వాడు రాసిన చిరునామా మాత్రం ఎడమ నుంచి కుడికి అంటుంది. మాస్కూ (దెబ్బతిన్న భాగాన్ని గుర్తుపెట్టిన ఫైలు) స్కానూ రెండూ అలాగే సేవ్ చేశాడు కాబట్టి ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. మెదడు రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కదా, తిరగేసినా మొహం మారదు.

ఇది పిల్లలకే కాదు. అందరికీ అందుబాటులో పెట్టిన డేటాల్లోనే తిరగబడ్డ స్కాన్లు దొరికాయని ఆఫ్నీ అనే మెదడు స్కాన్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే వాళ్ళు 2020లో పేపరే రాశారు. అందులోని చెక్ ఫ్లిప్ ఆప్షన్ వాడండి, ఫంక్షనల్ స్కాన్‌ని (మెదడు పనిచేసే తీరు చూసే స్కాన్) మామూలు స్కాన్‌తోనూ దాని అద్దం బొమ్మతోనూ పోల్చి దేనికి బాగా అతుకుతుందో చెప్తుంది. కాకపోతే ఫంక్షనల్ స్కాన్‌కీ మామూలు స్కాన్‌కీ పడట్లేదని చెప్తుంది గానీ ఆ రెండిట్లో తప్పు ఏదో చెప్పదు.

కాబట్టి

సేవ్ చేసేటప్పుడు ఒరిజినల్ స్కాన్ అఫైన్‌నే ఇవ్వండి. ఎప్పుడూ.

కేస్ షీట్ పక్కన పెట్టుకుని కనీసం ఐదు కేసులు చేత్తో సరిచూడండి, చెయ్యి ఏది పడింది, దెబ్బ ఎటుంది.

ఎఫ్ఎస్ఎల్ ఓరియెంట్ కమాండ్‌లో స్వాప్ ఓరియెంట్ ఆప్షన్ ముట్టుకోవద్దు, అది హెడర్‌నే తిప్పుతుంది, డేటా అక్కడే ఉంటుంది.

ప్రతి బొమ్మ మీదా ఎల్ ఆర్ ఉండాలి, కత్తిరించేటప్పుడు పోతే మళ్ళీ తియ్యండి.

ఫిల్మ్‌ని కిటికీకి పెట్టి ఫోన్లో ఫోటో తీసి దాన్ని డేటా అనకండి.

రంగు బాగా రావాలని థ్రెషోల్డ్ (ఏ విలువ నుంచి రంగు వెయ్యాలో చెప్పే హద్దు) జరపొద్దు.

డైకామ్ వాట్సాప్‌లో పంపొద్దు, లోపల పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. పేరు తీసేస్తే చాలనుకోకండి, 2019లో అమెరికాలో 84 మంది ఎంఆర్ఐల నుంచి మొహాలు కట్టి చూస్తే కంప్యూటర్ 70 మందిని ఫోటోలతో కలిపేసింది. డీఫేస్ చేశాకే, అంటే స్కాన్లో మొహం భాగం తీసేశాకే, బయటికి ఇవ్వండి.

స్లైసర్ సాఫ్ట్‌వేర్లో చూసి పేషెంట్ ఇంట్లోవాళ్ళకి మీరు ఏమీ చెప్పొద్దు, అది రీసెర్చ్‌కే, రిపోర్ట్ రాయాల్సింది రేడియాలజిస్టు.

మళ్ళీ చెప్తున్నా, స్క్రీన్ మీది ఎల్ ఆర్ అక్షరాన్ని గుడ్డిగా నమ్మొద్దు.

కొత్తగా రీసెర్చ్ స్కాన్ తీస్తుంటే టెక్నీషియన్‌ని అడిగి కుడి కణత మీద విటమిన్ ఈ క్యాప్సూల్ ఒకటి టేప్‌తో అంటించండి, స్కాన్లో తెల్లగా మెరుస్తుంది, ఏ హెడర్ దాన్ని దాచలేదు. రేకుతో సహా పెట్టకండి, ఒలిచి పెట్టండి. ఎప్పుడూ కుడికే, ఒకరికి కుడి ఒకరికి ఎడమ కాదు. అయ్యాక తీసెయ్యడం మర్చిపోకండి, మేం మర్చిపోతే ఒక తాతగారు దాంతోనే పర్లాకిమిడి బస్సెక్కేశారు.