లిఫ్ట్ నడపడం వచ్చా అని అడిగితే

కొత్త దేశంలో పనిలో చేరిన మొదటి వారాల్లో మన నోటికి తేలిగ్గా వచ్చే మాట ‘వచ్చు’. ఫోర్క్‌లిఫ్ట్ వచ్చా? వచ్చు. సిజర్ లిఫ్ట్ ఎప్పుడైనా నడిపావా? నడిపాను. రాదంటే చేతికొచ్చిన పని ఎక్కడ పోతుందోనని భయం. నేనూ అలాగే అన్నాను. అంతకుముందు ఇతరులు నడుపుతుంటే చూశానంతే. వేర్‌హౌస్‌లో పైకప్పు దగ్గర లైట్లు మార్చాలన్నారు. కత్తెరలా విచ్చుకుంటూ మనిషిని పైకి లేపే ఆ సిజర్ లిఫ్ట్ ఎక్కాను, పైకి లేపాను, కొంచెం ముందుకు జరపబోయి జాయ్‌స్టిక్ తోశాను. నా చూపంతా లైటు మీదే ఉంది, తల వెనక ఉన్న ఇనుప దూలం మీద లేదు. కింద నిలబడ్డ పెద్దాయన అరుస్తూ పరుగెత్తుకొచ్చి ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాడు. నా మెడకీ దూలానికీ మధ్య బెత్తెడు జాగా మిగిలింది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు ఎవరు కలిసినా ఈ విషయం ముందు చెబుతాను.

మనుషుల్ని ఎత్తుకు తీసుకెళ్లి పనిచేయించే ఈ యంత్రాలను పరిశ్రమలో మ్యూప్ (మొబైల్ ఎలివేటింగ్ వర్క్ ప్లాట్‌ఫాం) అంటారు. నిటారుగా పైకి లేచేవి ఒక రకం. సిజర్ లిఫ్ట్, ఒక్క మనిషి నిలబడే చిన్న మాస్ట్ లిఫ్ట్ ఈ కోవలోవి. చేయి చాచినట్టు పక్కకు కూడా వెళ్లే బూమ్ లిఫ్టులు ఇంకో రకం. ట్రైనింగ్ కూడా రకాన్ని బట్టి వేరు. ఈ యంత్రాల ట్రైనింగ్ చూసే అంతర్జాతీయ సంస్థ ఐపాఫ్, ట్రైనింగ్ పాసైనవాళ్లకు ఇచ్చే పాల్ కార్డు మీద 3ఏ అని ఉంటే కదిలే నిటారు లిఫ్ట్, 3బీ అంటే కదిలే బూమ్. 3ఏ ఉన్నంత మాత్రాన బూమ్ ఎక్కే అర్హత రాదు. కార్డు గడువు 5 ఏళ్లు.

దేశాన్ని బట్టి పద్ధతి మారుతుంది, ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా తికమక పడతారు. బ్రిటన్‌లో పాల్ కార్డు చట్టం అడిగే లైసెన్సు కాదు కానీ చాలా సైట్లలో అది చూపిస్తేనే లోపలికి రానిస్తారు. ఆస్ట్రేలియాలో 11 మీటర్లు, అంతకు మించిన బూమ్ నడపాలంటే ప్రభుత్వం ఇచ్చే హై రిస్క్ వర్క్ లైసెన్సు ఉండాల్సిందే. దానికి 18 ఏళ్లు నిండాలి. సిజర్ లిఫ్టుకు ఆ లైసెన్సు అక్కర్లేదు, కానీ ట్రైనింగ్ ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే. అమెరికాలో ‘ఓషా లైసెన్సు’ అనేదే లేదు. ఓషా అంటే అక్కడ కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, అది ఎవరికీ ఆపరేటర్ కార్డు ఇవ్వదు. ట్రైనింగ్ ఇప్పించి, చేయించి చూసి, నడపడానికి అనుమతి ఇవ్వాల్సింది యజమాని. కాబట్టి ‘ఓషా సర్టిఫైడ్, గంటలో ఆన్‌లైన్‌లో’ అన్న ప్రకటన కనిపిస్తే డబ్బు కట్టకండి. థియరీ ఆన్‌లైన్‌లో చదవచ్చు, తప్పులేదు. కానీ యంత్రం మీద నిలబడి, తెలిసినవాడి ముందు నడిపి చూపించే భాగం లేకపోతే ఆ సర్టిఫికెట్ ఉత్త కాగితమే.

భాష గురించి ఒక మాట. ట్రైనర్ వేగంగా మాట్లాడుతుంటే అర్థం కాకపోయినా తల ఊపి సంతకం పెట్టేస్తాం. అలా చేయకండి. కార్మికుడికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటల్లో ట్రైనింగ్ ఇవ్వాలని ఓషా 2010లోనే స్పష్టం చేసింది. వేరే దేశాల్లోనూ మళ్లీ చెప్పమని అడిగితే కాదనే మంచి ట్రైనర్‌ను నేను చూడలేదు. మీ సంతకం కింద ‘నాకు అర్థమైంది’ అని రాసి ఉంటుందని గుర్తుంచుకోండి.

కార్డు చేతికొచ్చాక ఇంకో మెట్టు ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. మీరు నేర్చుకున్న యంత్రం వేరు, సైట్‌లో మీకిచ్చే యంత్రం వేరు. కంపెనీ మారితే జాయ్‌స్టిక్ మీద బటన్ల చోటు మారుతుంది, ఎమర్జెన్సీలో కిందికి దించే లివర్ చోటూ మారుతుంది. అందుకే ఆ మోడల్‌ను చూపించి పరిచయం చేయమని అడగాలి. దాన్ని ఫెమిలియరైజేషన్ అంటారు. పది నిమిషాల పని. మోడల్ నంబర్ చదవడం కూడా నేర్చుకోండి. జీనీ కంపెనీ సిజర్ లిఫ్ట్ జీఎస్-1930 అంటే ప్లాట్‌ఫాం ఎత్తు 19 అడుగులు, వెడల్పు 30 అంగుళాలు. కాటలాగ్‌లో కనిపించే ‘వర్కింగ్ హైట్’ మనిషి చేయి అందే ఎత్తు. అది ప్లాట్‌ఫాం కంటే సుమారు 2 మీటర్లు ఎక్కువ. చూడ్డానికి చిన్నగా ఉన్నా ఆ యంత్రం సుమారు టన్నున్నర బరువు. పల్చటి చెక్క ఫ్లోర్ మీదికి, డ్రెయిన్ మూతల మీదికి తోలేముందు ఆ నేల మోస్తుందా అని అడగండి.

ప్రతి షిఫ్టుకూ ముందు చుట్టూ తిరిగి చూడడం తప్పనిసరి. టైర్లు, నేల మీద ఆయిల్ మరకలు, రెయిలింగ్, గేటు గొళ్లెం, కింద ఉండే కంట్రోల్ ప్యానెల్, ఎమర్జెన్సీ స్టాప్, తనిఖీ స్టిక్కర్ మీద తేదీ చూడాలి. బ్రిటన్‌లో మనుషుల్ని ఎత్తే యంత్రాలకు 6 నెలలకోసారి పూర్తి తనిఖీ జరగాలి. ప్లాట్‌ఫాం మీద రాసి ఉన్న బరువు మీకొక్కరికి కాదు. మీతోపాటు ఎక్కినవాళ్లు, పనిముట్లు, సామాను అన్నీ కలిపి ఆ లెక్కలోకే వస్తాయి. లోపల వాడితే ఇద్దరు, బయట వాడితే ఒక్కరే అని రాసి ఉండొచ్చు, అదీ చదవండి.

గాలిని తేలిగ్గా తీసుకోకండి. బయట వాడదగ్గ లిఫ్టులకు సాధారణంగా గాలి వేగం పరిమితి సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. నేల మీద ఉన్న గాలికీ పైన ఉన్న గాలికీ తేడా ఉంటుంది. 2010 అక్టోబర్ 27న అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ప్రాక్టీసును సిజర్ లిఫ్ట్ మీద నుంచి వీడియో తీస్తున్న విద్యార్థి, గాలికి లిఫ్ట్ పడిపోయి చనిపోయాడు. బలమైన గాలుల హెచ్చరిక ఉన్నా, ట్రైనింగ్ లేని విద్యార్థుల్ని ఎక్కించారని ఆ రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం తేల్చింది. ‘ఇవాళ ఎక్కను’ అనే ధైర్యం ఆ కుర్రాడికి ఎవరైనా నేర్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

హార్నెస్, అంటే పడిపోకుండా ఒంటికి కట్టుకునే తాడున్న బెల్టు విషయం సైట్ రూల్‌ను బట్టి ఉంటుంది. బూమ్ లిఫ్టులో అది లేకుండా ఎక్కకూడదు, ఎందుకంటే చక్రం చిన్న గుంతలో పడినా చేయి చివర బుట్ట మనిషిని పైకి విసిరేస్తుంది. సిజర్ లిఫ్టులో ప్రధాన రక్షణ రెయిలింగే. కొన్ని సైట్లు అక్కడా హార్నెస్ అడుగుతాయి. ఎక్కడైనా సరే, తాడు తగిలించాల్సింది యంత్రం మీద గుర్తు ఉన్న కొక్కేనికే, పక్కనున్న పైపుకు కాదు. రెయిలింగ్ ఎక్కడం, లోపల నిచ్చెన వేసుకోవడం ఎంత తొందరైనా వద్దు. కరెంటు తీగలుంటే ముందే అడగండి. అమెరికాలో 50 కిలోవోల్టుల వరకు ఉన్న తీగలకు కనీసం 10 అడుగుల దూరం పాటించాలి.

పైకి వెళ్లేముందు ఒక ప్రశ్న అడగండి: నేను పైన స్పృహ తప్పితే కింద నుంచి దించేది ఎవరు? ఆ మనిషి పేరు తెలియాలి, అతనికి కింది కంట్రోల్స్ వాడడం తెలియాలి, అతను దగ్గరలో ఉండాలి. నన్ను కాపాడింది అలాంటి మనిషే.

అడగడానికి మొహమాటమైతే ఈ వాక్యం కంఠస్థం చేసుకోండి: ‘ఐ యామ్ నాట్ ట్రెయిన్డ్ ఆన్ దిస్ మెషీన్, ప్లీజ్ షో మీ ఫస్ట్.’ నేను ఆ మాట మొదటిసారి అన్నప్పుడు గొంతు వణికింది. సూపర్‌వైజర్ మాత్రం ‘ఓకే’ అని వచ్చి చూపించాడు. ఒకవేళ కసిరితే, లేదా షిఫ్టులు తగ్గిస్తే, తేదీలతో రాసిపెట్టుకోండి. అమెరికాలో ఇలాంటి కక్షసాధింపు మీద ఓషాకు ఫిర్యాదు చేయడానికి 30 రోజులే గడువు.

కార్డు వచ్చిన రోజే రెండువైపులా ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, గడువుకు మూడు నెలల ముందు రిమైండర్ పెట్టండి. ట్రైనర్ ఇచ్చిన కాగితాల నకలు అడిగి తీసుకోండి. ఉద్యోగం మారితే కొత్త యజమాని మళ్లీ పరీక్షించే అనుమతిస్తాడు, విసుక్కోకుండా ఆ రోజు కూడా ముందు చుట్టూ తిరిగి చూసే ఎక్కండి.